వార్డు పార్కును సర్కారుతో కలిసి బాగుచేసుకోవడం ఎలా

మా వీధి చివర, చెరువు గట్టుకు ఆనుకుని 38 డిసిమిళ్ల పార్కు ఒకటి ఉంది. మన సెంటునే ఇక్కడ ఒడిశా రికార్డుల్లో డిసిమిల్ అంటారు, ఎకరంలో నూరోవంతు. కొన్నేళ్ల కిందట మేం పదకొండు మందిమి చందాలు వేసుకుని అందులో నాలుగు సిమెంటు బెంచీలు వేయించాం, అరవై మొక్కలు నాటాం. ఎవరినీ అడగలేదు. మంచి పనికి అనుమతి ఎందుకులే అనుకున్నాం. రెండో వేసవి దాటేసరికి అరవై మొక్కల్లో ఏడు మిగిలాయి. ఆ మరుసటేడు కాలువ పనికొచ్చిన పొక్లెయిన్ రెండు బెంచీలను పెకలించి గట్టున పడేసింది. వెళ్లి అడిగితే ఇంజినీరు రిజిస్టరు తీసి మా ముందు పెట్టాడు. ఆ పార్కులో బెంచీలు ఉన్నట్టు అందులో ఒక్క ముక్క లేదు.

రెండోసారి ముందు కాగితం పట్టుకున్నాం, పార తర్వాత. ఇప్పుడు ఆ పార్కులో నీళ్లున్నాయి, నీడ ఉంది, సాయంత్రం దీపాలు వెలుగుతున్నాయి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మన తెలుగువాళ్లు ఎవరైనా ఇలాంటి పనికి దిగాలనుకుంటే మా మొదటి తప్పు మళ్లీ చేయకూడదని ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. పార్కు బాగోగులు మున్సిపాలిటీ పనే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ పాలక సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి చేతులు కట్టుకుని అడగక్కర్లేదు. కాకపోతే చిన్న పట్టణంలో ఉన్న కాస్త డబ్బూ తాగునీటికి, కాలువలకు, చెత్తకు పోతుంది, పార్కు వంతు రాదు. మేం కొంత తెస్తాం, కట్టాక చూసుకుంటాం అని పదిమంది ముందుకొస్తే ఫైలు కదులుతుంది. ఆ ‘చూసుకుంటాం’ అన్న మాటకే ఆఫీసులో విలువ ఎక్కువ.

స్థలం ఎవరిదో తేల్చుకోండి

పార్కు అని బోర్డు ఉన్నంత మాత్రాన అది రికార్డులో పార్కు కాదు. ఒడిశా భూలేఖ్ సైటులో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని ప్లాటు నంబరుతో వెతికితే రికార్డు కనిపిస్తుంది. మొత్తం ఒడియాలో ఉంటుంది కాబట్టి చదవగలిగిన వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. రెండు గడులు చూడాలి. మొదటిది ఖాతా ఎవరి పేరున ఉందన్నది. సర్కారు భూమి అయితే మామూలుగా రక్షిత, సర్వసాధారణ, ఆబాద యోగ్య అనాబాది, ఆబాద అయోగ్య అనాబాది అనే నాలుగింట్లో ఏదో ఒక ఖాతాలో ఉంటుంది. రెండోది కిసమ్, అంటే భూమి రకం. అక్కడ గోచర అని ఉంటే అది పశువుల మేత భూమి. జళాశయ అని ఉంటే చెరువు. ఈ రెండింటి మీద ఇటుక పేర్చే ఆలోచన పెట్టుకోవద్దు. గట్టు మీద చెట్లు, నడకదారి వరకు అడగొచ్చు, చెరువు పూడ్చి పార్కు చేయడం మాత్రం తప్పు.

దేవుడి మాన్యమో, రైల్వే స్థలమో, ఎవరిదైనా తగాదాలో ఉన్న స్థలమో అయితే అక్కడితో ఆగి వేరే చోటు చూసుకోండి. లేఅవుటులో పార్కు కోసం వదిలిన జాగా అయితే మాత్రం గట్టిగా నిలబడండి. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేస్తే 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. ఆ తీర్పు గుర్తు చేస్తే ఏ ఆఫీసులోనైనా వింటారు.

రికార్డు దొరక్కపోతే, లేదా పార్కు మీద ఇంతకుముందు ఎంత ఖర్చు చూపించారో తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. గొడవ పడుతున్నట్టు రాయొద్దు. ఫలానా పార్కుకు సంబంధించిన ప్లాటు నంబరు, ఆస్తుల రిజిస్టరు నకలు, గత మూడేళ్ల పనుల ఎస్టిమేట్లు ఇప్పించండి అంటే చాలు.

మనుషులు

మాకు సంఘం కొత్తగా పుట్టలేదు. వినాయక చవితి పందిరి వేసే కుర్రాళ్లే అది. ఏటా చందా వసూలు చేసి లెక్క చెప్పే అలవాటున్న గుంపు మీ వీధిలోనూ ఉంటుంది, వాళ్లతోనే మొదలుపెట్టండి. కానీ ఒక్క తెలుగు వీధి సంఘంగా మాత్రం ఉండిపోవద్దు. పార్కు గేటు దగ్గర ఒడియా ఇళ్లుంటాయి, ముస్లిం ఇళ్లుంటాయి, కొండల నుంచి వచ్చి స్థిరపడిన సవర కుటుంబాలుంటాయి. వాళ్ల సంతకాలు లేని దరఖాస్తు కౌన్సిలర్ చేతిలో చిక్కుముడి అవుతుంది. అంతకన్నా ముఖ్యం, నీళ్లు పోసే రోజున అందరూ కావాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండేలా చూడండి. మా దగ్గర టాయిలెట్టుకు వెనకవైపు తలుపు పెట్టవద్దని, దీపం ముందు అక్కడ వేయాలని పట్టుబట్టింది వాళ్లే. మగవాళ్లం ఒక్కరికీ అది తట్టలేదు.

సంఘాన్ని రిజిస్టరు చేయాలంటే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నియమావళి, సభ్యుల గుర్తింపు పత్రాలు, ఆఫీసు చిరునామా రుజువు, అన్నీ సిద్ధం చేసుకునే వెళ్లండి. వెంటనే అంత పని వద్దనుకుంటే, ఇప్పటికే ఉన్న మహిళా స్వయం సహాయక బృందంతో గానీ, నాలుగేళ్లుగా నడుస్తున్న వేరే రిజిస్టర్డ్ సంఘంతో గానీ కలిసి వెళ్లొచ్చు.

ఇక్కడ మాకు బాగా దెబ్బ తగిలిన చోటొకటి చెబుతాను. సంఘం పేరు. తెలుగు పేరును ఒడియాలో రాసేటప్పుడు ‘వ’ అక్షరం ‘బ’ అవుతుంది, కొందరు ‘భ’ రాస్తారు. విశాఖపట్నం ఒడియాలో బిశాఖాపాటణా అయినట్టే మన వేంకటేశ్వరుడి పేరూ మారిపోతుంది. రిజిస్ట్రేషన్‌లో ఒక రకం, పాన్ కార్డులో ఒక రకం, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంకో రకం పడ్డాయి. బ్యాంకులో ఖాతా తెరవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. కాబట్టి మొదటి సమావేశంలోనే పేరును తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి అందరూ సంతకం చేయండి. ఎవరు ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ కాగితం చూసే రాయాలి. పేరు కూడా రెండు భాషల్లోనూ అర్థమయ్యేది పెట్టుకుంటే మేలు. ఉద్యానం అన్నది మనకూ వాళ్లకూ ఒకటే మాట.

బ్యాంకు ఖాతా సంఘం పేరునే ఉండాలి, ఇద్దరి సంతకాలతో నడవాలి. ఎంత నమ్మకస్తుడైనా ఒకరి సొంత ఖాతాలోకి, సొంత ఫోన్‌పే నంబరుకు చందా వేయించొద్దు.

వారం రోజులు ఊరికే చూడండి

దరఖాస్తు రాసేముందు వారం రోజుల పాటు పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి ఎనిమిదింటికి వంతులేసుకుని పార్కులో కూర్చుని నోట్‌బుక్కులో రాయండి. ఎవరొస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎందుకు తొందరగా వెళ్లిపోతున్నారు. మే నెల నాలుగు గంటలప్పుడు ఇనుప జారుడుబల్ల మీద అరచెయ్యి పెట్టి చూడండి. పట్టుమని ఒక క్షణం ఉంచలేరు. పిల్లలు జారుడుబల్ల ఎక్కడం లేదని కొత్తది కొనమంటారు అందరూ. దానికి కావలసింది పడమటి వైపు రెండు చెట్లు. నేను స్వయంగా చూసి రాసుకున్నది ఇంకొకటి: ఓ తల్లి చంకలో పిల్లాడితో వచ్చి కుళాయి తిప్పి, నీళ్లు రాక, బయట కొట్లో నీళ్ల సీసా కొనుక్కుని ఇంటికెళ్లిపోయింది. పార్కులో ఆమె ఉన్నది ఏడు నిమిషాలు.

ఈ నోట్‌బుక్కే మీ దరఖాస్తుకు ప్రాణం. ఎంతమంది వస్తున్నారో మీ చేతి లెక్క చూపిస్తే ఇంజినీరు కాదనలేడు.

నా మట్టుకు నేను చెప్పే వరస ఇది: నీళ్లు, నీడ, దీపం, టాయిలెట్టు, నడకదారి. ఆట వస్తువులు ఆ తర్వాతే. ఓపెన్ జిమ్ములు, ఫౌంటెన్లు, బొమ్మ ఏనుగులు కనబడ్డానికి బాగుంటాయి, ప్రారంభోత్సవానికి బాగుంటాయి. బోరు లేని పార్కులో అవి ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. గేటు మాత్రం మొదటి పట్టీలోనే రాయండి: చక్రాల కుర్చీ పట్టాలంటే కనీసం మూడడుగుల వెడల్పు కావాలి, మెట్టు ఉన్నచోట ర్యాంపు ఉండాలి, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్కన. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వాడే స్థలాల్లో ఇది ఉండి తీరాలి. మా పార్కులో అడ్డంగా పాతిన ఇనుప కడ్డీలు తీయించడానికి ఇదే పనికొచ్చింది.

ఖర్చును రెండుగా విడదీయండి

ఒకసారి పెట్టే ఖర్చు వేరు, నెలనెలా అయ్యే ఖర్చు వేరు. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. పార్కులు చచ్చిపోయేది రెండోదాంతో.

ఉదాహరణకు మాలికి రోజుకు రెండు మూడు గంటల పనికి, కరెంటుకు, మోటారు రిపేరుకు, చీపుళ్లు పారలకు కలిపి నెలకు 6 వేలు అవుతుందనుకుందాం. ఏడాదికి 72 వేలు. వీధిలో 60 ఇళ్లుండి ఇంటికి నెలకు 100 ఇస్తే సరిగ్గా సరిపోతుంది. కానీ 60 ఇళ్లూ పన్నెండు నెలలూ ఇవ్వవు. 40 ఇళ్లే అనుకుని లెక్క వేయండి, 48 వేలు వస్తాయి. తక్కువపడే 24 వేలు ఎవరిస్తారో దరఖాస్తులోనే తేలాలి. కరెంటు బిల్లు మున్సిపాలిటీ కట్టాలని, మీటరు మున్సిపాలిటీ పేరునే ఉండాలని మేం అడిగాం. వీధి దీపాల బిల్లు ఎలాగూ వాళ్లు కడుతున్నారు, అందులో ఇది కలిసిపోయింది.

గోడ, బోరు, విద్యుత్ స్తంభాలు, టాయిలెట్టు, నడకదారి లాంటి కట్టడాలు సర్కారు డబ్బుతోనే జరగాలి. ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు, కొలతల పుస్తకం, ఆడిట్ అన్నీ వాటికి ఉంటాయి. రేపు కూలితే అడిగే హక్కూ ఉంటుంది. మొక్కలు, మాలి జీతం, పనిముట్లు, చిన్న రిపేర్లు మీ చందాలతో చేయండి. చందా డబ్బు చిన్నది, కానీ ఆదివారం అనుకుంటే సోమవారం ఖర్చు పెట్టొచ్చు. పగిలిన కుళాయికి ఫైలు పెడితే ఎండాకాలం అయిపోతుంది.

శ్రమదానాన్నీ లెక్కలో చూపించండి. ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ తేదీన అని హాజరు పుస్తకంలో రాసి, సర్కారు ప్రకటించిన కనీస కూలి ప్రకారం విలువ కట్టండి. మీ వాటా ఎంత అని అడిగినప్పుడు నోటిమాట చెప్పడం కన్నా ఇది చూపించడం మంచిది.

ఏ గుమ్మం ఎక్కాలి

కార్పొరేషన్ అయితే కమిషనర్, మున్సిపాలిటీ లేదా ఎన్‌ఏసీ (చిన్న పట్టణాలకుండే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) అయితే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పేరున దరఖాస్తు పెట్టాలి. 1954 నుంచి ఒడిశాలో ఒడియా అధికార భాష. ఇంగ్లీషు దరఖాస్తు తీసుకుంటారు గానీ ఒడియాలో రాసినది బల్ల మీద నుంచి బల్ల మీదకు త్వరగా వెళుతుంది. మీ వీధి ఒడియా మాస్టారి చేత రాయించండి. ఒక పేజీ దాటొద్దు. ప్లాటు నంబరు, మీ వారం లెక్క, కావలసిన పనుల పట్టీ, మీరు పెట్టే వాటా, నిర్వహణ ఎవరిది అన్న ఐదు ముక్కలు చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద డైరీ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం పెట్టనట్టే లెక్క.

ముందు మీ వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి. ఆయన్నో ఆమెనో దాటి పై ఆఫీసుకు వెళితే తర్వాత ప్రతి మలుపులోనూ ఆ అలక అడ్డొస్తుంది. పాలక మండలి సమావేశంలో తీర్మానం పెట్టించేది కౌన్సిలరే. ఆ తీర్మానం నంబరు చేతికొచ్చాకే జేఈ, అంటే జూనియర్ ఇంజినీరు, కొలతలకు వస్తారు. వచ్చిన రోజు మీరు నలుగురు అక్కడ ఉండాలి. ఒడియాలో మర్యాదగా ‘ఆగ్యా’ అని పలకరించి, నోట్‌బుక్కు చూపించి, బోరు ఎక్కడ వేస్తే పార్కంతా అందుతుందో మీరే చూపించండి. మాకు ఎస్టిమేటులో మొదట బోరు ఒక మూల పడింది, ఎందుకంటే అక్కడ లారీ నిలబడ్డానికి వీలు. ఆ ఒక్క సాయంత్రం అక్కడ ఉండబట్టి అది మధ్యకు మారింది.

వేళ చాలా ముఖ్యం. ఏప్రిల్‌లో మొదలయ్యే బడ్జెట్టుకు పట్టీలు చలికాలంలోనే తయారవుతాయి. దసరా, దీపావళి సందడి అయ్యాక నవంబరులో దరఖాస్తు పెడితే దారిలో పడుతుంది. ఫిబ్రవరిలో పెడితే ఏడాది ఆగాల్సిందే. మార్చిలో మిగిలిన డబ్బు ఖర్చు పెట్టే తొందర ఉంటుంది కాబట్టి, ఎస్టిమేటు సిద్ధంగా ఉన్న చిన్న పనులకు అప్పుడు అదృష్టం కలిసొస్తుంది. మా దీపాలు అలాగే వచ్చాయి.

డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో మీకూ తెలిసి ఉంటే మాట తేలికవుతుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, వాననీటి సేకరణ, పారిశుద్ధ్యం, చెత్త పనులకే కేటాయించింది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు. పార్కు అని అడిగితే ఆ 40 లోనే అందరితో పోటీ పడాల్సి వచ్చేది. పార్కులో వాననీటి ఇంకుడు గుంతలు, టాయిలెట్టు, ఆకుల ఎరువు గుంత అని విడివిడిగా అడిగితే 60 వైపు తలుపు కూడా తెరుచుకునేది. ఇది నాకు ఒక రిటైర్డ్ అకౌంటెంటు చెప్పిన కిటుకు. ఎంత మేలు చేసిందో చెప్పలేను. కొత్త ఆర్థిక సంఘం నిబంధనలు వచ్చినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ అడిగి తెలుసుకోండి.

పట్టణాల సదుపాయాల కోసం 2015లో మొదలైన కేంద్ర పథకం అమృత్‌లో ఈ వైపు నుంచి బరంపురం ఉంది, పచ్చదనానికి, పార్కులకు అందులో చిన్న వాటా పెట్టారు. 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0ను అన్ని పట్టణాలకూ వర్తింపజేశారు, చెరువుల పునరుద్ధరణ అందులో ఒక పని. మాలాగ చెరువు పక్క పార్కు ఉన్నవాళ్లు రెండింటినీ కలిపి అడగడం మంచిది.

2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో ఒడిశా ప్రభుత్వం పట్టణ కూలీలకు ఉపాధి పథకం తెచ్చింది, తర్వాత అది ముక్తా పేరుతో సాగింది. వీధి పార్కులు, ఇంకుడు గుంతలు లాంటి చిన్న పనులను కాంట్రాక్టరు లేకుండా మహిళా బృందాలు, బస్తీ సంఘాల చేతనే చేయించడం అందులోని గొప్పతనం. పథకాల పేర్లు సర్కార్లతో మారుతుంటాయి. ఈ ఏడు అలాంటి పని ఏ పేరుతో నడుస్తోందో వార్డు ఆఫీసులో అడగండి. మీ వీధి ఆడవాళ్లే కట్టిన నడకదారి మీద వాళ్లే నడుస్తుంటే ఆ దారికి పగుళ్లు రానివ్వరు.

ఎంపీ నిధి అంటే చాలామంది ఎంపీ గారు చెక్కు ఇస్తారనుకుంటారు. ఏడాదికి 5 కోట్ల లెక్కన ఉండే ఆ నిధిలో ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు. మంజూరు చేసేది, చేయించేది జిల్లా యంత్రాంగం. గంజాం జిల్లా వాళ్లకు కలెక్టరేటు బరంపురంలో లేదు, ఛత్రపురంలో ఉంది, ఫైలు వెంట అక్కడికి తిరగాలి. పర్లాకిమిడి వాళ్లకు జిల్లా వేరైనా లోక్‌సభ నియోజకవర్గం బరంపురమే. సిఫారసు లేఖతో పాటు ప్లాటు రికార్డు, మున్సిపాలిటీ అభ్యంతరం లేదన్న పత్రం, ఎస్టిమేటు జతచేసి ఇస్తే లేఖ చెత్తబుట్టకు పోదు. ఎమ్మెల్యే నిధికీ పద్ధతి దాదాపు ఇదే.

కంపెనీల సామాజిక బాధ్యత నిధి సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మన చుట్టుపక్కల ఛత్రపురంలో ఐఆర్‌ఈఎల్, దామన్‌జోడిలో నాల్కో, సునాబెడాలో హెచ్‌ఏఎల్ ఉన్నాయి. కానీ మీ సంఘానికి మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ, కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ లేకుండా డబ్బు నేరుగా మీ చేతికి రాదు. అందుకే మొదట్లో ఆ దారి పట్టి కాలం పోగొట్టుకోవద్దు. మున్సిపాలిటీ ద్వారా, లేదా అనుభవమున్న సంస్థ ద్వారా ఒకే ఒక్క వస్తువు అడగండి, సోలార్ దీపాలో, బోరు మోటారో. అలాగే 80జీ ఉన్నా, 2 వేలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. చందా అడిగేటప్పుడు ఇది దాచిపెట్టొద్దు.

ఎన్ని తిరిగినా కదలకపోతే కలెక్టరు గారి అభియోగ శుణాణికి, అంటే ఫిర్యాదులు వినే రోజుకు, వెళ్లి డైరీ నంబర్లు చూపించి మాట్లాడండి. రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల సైటు జన శుణాణి పోర్టల్లో కూడా పెట్టొచ్చు. కోపంగా వెళ్లకండి. ఆ జేఈతోనే మీరు మరో పదేళ్లు పనిచేయాలి.

ఒప్పందం

పని మొదలవకముందే మున్సిపాలిటీకీ మీ సంఘానికీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. స్టాంపు కాగితం మీద, తీర్మానం నంబరుతో సహా. స్థలం సర్కారుదే, సంఘానికి నిర్వహణ మాత్రమే అని మొదటి వాక్యంలోనే ఉంటే అధికారులకు భయం పోతుంది. ఎన్నేళ్లు, తెరిచే వేళలు, కరెంటు నీళ్ల బిల్లులు ఎవరివి, పెద్ద రిపేరు ఎవరిది, ఎన్ని రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చు అన్నవి రాయండి. ప్రవేశ రుసుము పెట్టబోమని, కొట్లు పెట్టనివ్వబోమని రాసి ఇవ్వండి.

మీరు కొన్న ప్రతి వస్తువూ ఆస్తుల రిజిస్టరులో ఎక్కాలి. బెంచీ ఇచ్చారంటే ఆ రోజే ఒక లేఖతో మున్సిపాలిటీకి అప్పగించి రసీదు తీసుకోండి, వెనక నంబరు వేయించండి. పొక్లెయిన్ మళ్లీ వచ్చినా ఆ నంబరు ఉన్న బెంచీని ఊరికే పెకలించలేరు. మా కొత్త బెంచీల వెనక ఇప్పుడు నంబర్లున్నాయి.

ఒక సున్నితమైన విషయం కూడా చెప్పాలి. పార్కులో రావిచెట్టు ఉంటే దాని కింద ఎవరో ఒక విగ్రహం పెడతారు, తర్వాత అరుగు, ఆ తర్వాత పందిరి. 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో, పార్కుల్లో ఏ మతం పేరునైనా కొత్తగా అనుమతి లేని కట్టడాలు వద్దని ఆదేశించింది. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని, అయినా ఈ మాట ఒప్పందంలో రాయించాను. ఒకరి గుడి వస్తే పక్కవాళ్లు రావడం మానేస్తారు, పార్కు రెండు ముక్కలవుతుంది.

పని జరుగుతున్నప్పుడు

రోజూ ఒకరు వెళ్లి ఫోటో తీయండి, తేదీ పడేలా. ఎస్టిమేటు కాపీ దగ్గర ఉంచుకుని కాంక్రీటు మందం, పైపు సైజు అందులో ఉన్నట్టే ఉందా చూడండి. సిమెంటు పనికి వారం పాటు తడి పెట్టాలి, అది సరిగా జరక్కపోతే మేస్త్రీకి మెల్లగా చెప్పండి, వినకపోతే జేఈకి రాసివ్వండి. కట్టడం కోసం తవ్విన పైమట్టిని లారీల్లో పోనివ్వొద్దు. మొక్కలకు కావలసింది ఆ మట్టే. ఇంకుడు గుంతను పార్కులోకెల్లా పల్లంలో తవ్వించాలి, వాన పడుతుండగా వెళ్లి నీరు ఎటు పారుతోందో చూస్తే ఆ పల్లం దానంతటదే తెలుస్తుంది.

మొక్కలు

మన తీరాన అక్టోబరు అంటే గుండెల్లో దడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను వరదలో ముంచింది. కాబట్టి రథయాత్ర వానలకే నాటేయండి, తుఫాను వేళకు వేరు కాస్త పట్టుకుంటుంది. ఆగస్టు చివర్లో నాటితే వెదురు కర్ర ఊతం రెండు వైపులా కట్టాలి.

వేప, కానుగ, పొగడ, నేరేడు మన నేలకు, గాలికి అలవాటుపడినవి. సముద్రానికి దగ్గరైతే పొన్న, సరుగుడు, కొబ్బరి. తురాయి పూస్తే కళ్లు తిప్పుకోలేం, కానీ దాని కొమ్మ పెళుసు, పిల్లలు ఆడేచోట నాటొద్దు. పెద్ద చెట్లకు సెప్టెంబరులోనే అధికారుల అనుమతితో బరువు కొమ్మలు తగ్గించండి. అటవీ శాఖ నర్సరీలో ముందుగా అడిగితే మొక్కలు చవగ్గా దొరుకుతాయి.

సంఖ్య మీద మోజు వద్దు. మేం మొదట అరవై నాటి ఏడు మిగుల్చుకున్నాం. రెండోసారి ఇరవై నాలుగే నాటి, ఒక్కో మొక్కను ఒక్కో ఇంటికి అప్పగించాం. రెండడుగుల గొయ్యి, అందులో చెరువు మట్టి, పశువుల ఎరువు. పక్కనే అడుగున చిల్లి ఉన్న మట్టికుండ, చిల్లిలో గుడ్డ వత్తి. కుండ నింపితే రెండు రోజులు బొట్టుబొట్టుగా దిగుతుంది. మా ఎదురింటి ఆరేళ్ల పిల్ల తన నేరేడు మొక్క కుండలో రోజూ బడికి వెళ్లేముందు తన నీళ్ల సీసాలో మిగిలింది పోసి వెళ్లేది. ఆ నేరేడుకు ఇప్పుడు నీడ ఉంది. ఇరవై నాలుగులో ఇరవై ఒకటి బతికాయి.

లెక్కలు, తాళాలు

గేటు పక్కన నల్లబల్ల కట్టండి. ప్రతి నెలా ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, ఒడియాలో, తెలుగులో. చందా ఇవ్వని ఇళ్ల పేర్లు మాత్రం రాయకండి, ఒక్కసారి అవమానపడ్డవాళ్లు మళ్లీ ఆ గేటు దాటరు. సర్కారు డబ్బుతో చేసిన పనికి వినియోగ పత్రం, అంటే డబ్బు ఆ పనికే ఖర్చయిందన్న కాగితం, మున్సిపాలిటీ ఇవ్వాలి. అది వెళ్లిందో లేదో మీరూ కనుక్కోండి, ఎందుకంటే అది వెళ్లకపోతే వచ్చే ఏటి విడత ఆగిపోతుంది. ఏడాదికోసారి సంఘం లెక్కలు వీధిలో చదివి వినిపించి, ఆ మినిట్స్ కాపీ కౌన్సిలర్‌కు ఇవ్వండి.

తాళం చెవులు మూడు చేయించండి. ఒకటి వార్డు ఆఫీసులో, ఒకటి మాలి దగ్గర, మూడోది గేటు ఎదురింట్లో. మాలి రాని రోజున పార్కు మూతపడకూడదు. మా మూడో చెవి ఎదురింటి మామ్మ గారి దగ్గరుంది. తెల్లవారుజామున ఐదింటికి ముగ్గు వేయడానికి బయటికొచ్చి, ముందు గేటు తీసి, ఆ తర్వాతే ముగ్గు మొదలుపెడతారు.